ముల్లు వెనక్కి జరిగింది

గురువారం మధ్యాహ్నం మూడూ పదికి ఇన్‌స్పెక్టర్ హాస్లింగర్ నేలమాళిగలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక బీరు సీసాను చూస్తున్నాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు. "కదపొద్దండీ, ఓసారి నా మొహం మీదే పేలింది" అని ఈ ఇంటావిడ మేనల్లుడు రూపర్ట్ ఎర్టెల్ నిన్నటి నుంచి కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాడు. నిన్న సాయంత్రం ఇల్లు సోదా చేసిన ఇద్దరు కానిస్టేబుళ్ళూ ఆ మాట విని మెట్ల మీదే నిలబడి, టార్చి వేసి చూసి వెళ్ళిపోయారు.

ఎదుటి గోడకు ఆనించిన చెక్క స్టాండులో నాలుగు అరలు, అరకు పది సీసాలు. తీగతో బిగించే పింగాణీ మూతలవి. లోపల కొత్త గోధుమ బీరు, అడుగున పల్చగా ఈస్ట్ మడ్డి. కింది అరలో చివరి సీసాకు మాత్రం మూత బదులు గ్యాసు ఒత్తిడి చూపే గుండ్రటి గేజి ఒకటి బిగించి ఉంది. సీసాలో పోశాక బీరులో గ్యాసు పుడుతుంది. ఎంత పుట్టిందో ఆ ఒక్క సీసా చెబితే మిగతా ముప్పై తొమ్మిదింటి సంగతీ తెలిసినట్టే.

ముల్లు సున్నా పాయింట్ తొమ్మిది మీద ఉంది. సీసా పొట్టకు అతికించిన ఉష్ణోగ్రత పట్టీ ఇరవై ఒకటి చూపిస్తోంది. మూలనున్న బాయిలర్ వల్ల ఆ మాళిగ ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

ఈ బీరు కాచిన వాల్‌బుర్గా ఎర్టెల్ కనబడటం లేదు. అరవై ఏడేళ్ళ మనిషి. ఊళ్ళో సగం మందికి నాలుగో తరగతి చెప్పింది. హాస్లింగర్‌కీ చెప్పింది. అందరికీ ఆమె బుర్గీ టీచరే. ముప్పై ఏళ్ళుగా షుగరు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పడాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటి రైలుకు రేగెన్స్‌బర్గ్ వెళ్ళిందని మేనల్లుడు రూపర్ట్ చెప్పాడు. మంగళవారం చర్చి పాటల సాధనకు ఆమె రాలేదు. పాటలు నేర్పే మాస్టారు ఆ సాయంత్రమే రూపర్ట్‌కు ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను, ఆపైన పోలీసులకు చెబుతాను అన్నాడు. అన్నట్టే చెప్పాడు. బుధవారం సాయంత్రం ఇల్లు తెరిపించి చూస్తే ఆమె ఇన్సులిన్ పెన్నులు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. ఈ ఉదయం ఆమె మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డ నాబ్ నది ఒడ్డున దొరికింది.

ఇన్సులిన్ లేకుండా రెండు రోజులు, గట్టి మనిషైతే మూడు అన్నాడు డాక్టరు. ఆదివారం నుంచి లెక్కపెడితే బుర్గీ టీచర్ చనిపోయినట్టే. ఆ లెక్క తప్పని తేల్చకపోతే ఐదింటికి, కొండ మీద వెతుకుతున్న పోలీసు కుక్కలూ మనుషులూ నదికి వెళ్ళిపోతారు. అప్పటినుంచి వెతికేది బుర్గీ టీచర్‌ని కాదు, ఆమె శవాన్ని.

హాస్లింగర్ ఒళ్ళో ఆమె నోట్‌బుక్ ఉంది. అరవై ఒక్క బీర్ల చరిత్ర, బ్లాక్‌బోర్డు మీద రాసినంత గుండ్రటి అక్షరాలతో. ప్రతి బీరుకీ ఒక పట్టిక. ఇదే మాళిగ, ఇదే వెచ్చదనం, ఇదే ఈస్ట్. ఇరవై నాలుగు గంటలకు సున్నా పాయింట్ ఆరు. ముప్పై గంటలకు సున్నా పాయింట్ తొమ్మిది. రెండు రోజులకు ఒకటి పాయింట్ ఏడు. నాలుగు రోజులకు మూడుకు దగ్గర. ఏ పేజీ తిప్పినా అటూ ఇటూగా అవే అంకెలు.

ఆదివారం పొద్దున అత్తయ్యా నేనూ కలిసి సీసాలు నింపాం అన్నాడు రూపర్ట్. అదే నిజమైతే ముల్లు మూడు దగ్గర ఉండాలి. ముల్లు చెబుతున్నది ముప్పై గంటలు. అంటే నిన్న, బుధవారం, ఉదయం తొమ్మిది.

నిన్న ఉదయం తొమ్మిదింటికి ఆమె ఇక్కడ నిలబడి సీసాలు నింపింది. అతను నోట్‌బుక్ మూశాడు. బతికుంది. రేపటి దాకా గడువుంది.

ఎత్తున ఉన్న చిన్న కిటికీలోంచి వెలుతురు సూటిగా సీసాల మీద పడుతోంది. అది అతనికి ఎందుకో నచ్చలేదు. ఎందుకో ఆలోచించడానికి ఆగకుండా రెండేసి మెట్లు ఎక్కి వంటింట్లోకి వచ్చాడు.

రూపర్ట్ బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. పొద్దున్నించీ ఆ కుర్చీ వదల్లేదు.

"సీసాలు ఎన్నింటికి నింపారన్నావు?"

"ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. పదిన్నర, పదకొండు. ఎన్నిసార్లు చెప్పించుకుంటారండీ?"

"నాకు వినడం ఇష్టం. ఎవరు ఏం చేశారు?"

"అత్తయ్య పోసింది. నేను మూతలు బిగించాను."

"గ్యాసు పుట్టడానికి ఏం వేశారు?"

"పంచదార. సీసాకో చెంచా. మీరూ కాస్తారటగా, ఆ మాత్రం తెలీదా?"

"గేజి ఎవరు పెట్టారు?"

"ఆవిడే. అది లేకుండా ఆవిడకి నిద్రపట్టదు."

"ఆ గేజి ముప్పై గంటలంటోంది రూపర్ట్. నువ్వు నాలుగు రోజులంటున్నావు."

కాఫీ కప్పు బల్ల మీదికి చేరడానికి అక్కర్లేనంత సేపు పట్టింది. "ముల్లుని బోనెక్కిస్తారా? ప్రమాణం చేయించి?"

"అవసరమైతే. రేపు పదింటికి నీకు నోటరీ దగ్గర పనుందట."

"ఇల్లు నా పేర రాస్తానంది అత్తయ్య. ఆవిడే రాకపోతే నష్టపోయేది నేను. లాభమేంటి నాకు?"

"ఆమె రాకుండానే పని జరిపించే కాగితం ఒకటుంటుంది. దాని మీద ఆమె సంతకం ఉంటే చాలు."

"అలాంటి కాగితం నా దగ్గర లేదు."

"ఇంకా లేదా?"

రూపర్ట్ లేచాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆఫీసుకి ఫోన్ చేసుకోవాలి. అరెస్టు చేసేట్టయితే ఇప్పుడే చెప్పండి, కోటు వేసుకుని వస్తా."

అరెస్టు చేయడానికి గేజి ముల్లు ఒక్కటీ చాలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కారు దగ్గరే ఉండు. దాటి పోవద్దు" అన్నాడు హాస్లింగర్. గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది.

రూపర్ట్ అటు వెళ్ళిన ఐదు నిమిషాలకు మ్యూనిక్ నుంచి వచ్చిన పై అధికారి గుడ్రున్ ఫోగ్ట్ లోపలికి వచ్చింది. బూట్లకు నది బురద. ఈ కేసు పొద్దున ఎనిమిదింటికి ఆమె చేతికి వచ్చింది. ఎనిమిదీ పదికే ఇద్దరికీ పడలేదు.

"మీరు బీరు చూసుకుంటున్నారని చెప్పారు. తాగడం లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు" అంది.

"మేడమ్, ఆమె నిన్న పొద్దున దాకా ఇంట్లోనే ఉంది. మనుషుల్ని నదికి తిప్పొద్దు."

"రుజువు?"

అతను నోట్‌బుక్ తెరిచి, ముల్లు సంగతీ గంటల సంగతీ చెప్పాడు. ఎంత నెమ్మదిగా చెబుదామనుకున్నా మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఫోగ్ట్ మధ్యలో అడ్డుపడలేదు. పేజీలు తిప్పి రెండు మూడు పట్టికలు సరిచూసింది. తర్వాత మాళిగలోకి వెళ్ళకుండా నేరుగా ఫ్రిజ్ దగ్గరికి నడిచింది.

"మా నాన్న బాంబెర్గ్‌లో ముప్పై ఏళ్ళు ఇంట్లో బీరు కాచాడు హాస్లింగర్ గారూ. పొద్దున ఈ ఫ్రిజ్ తెరిచినప్పుడే ఇది చూశాను. దీనికింత అర్థం ఉందని అప్పుడు అనుకోలేదు."

కింది అరలోంచి రెండు లీటర్ల గాజు జాడీ తీసి బల్ల మీద పెట్టింది. నిండా తేనె రంగు రసం. మూత చుట్టూ వేసిన టేపు చెక్కు చెదరలేదు. చీటీ మీద గుండ్రటి అక్షరాలు: 'అరవై రెండో బీరుకు తిండి.'

హాస్లింగర్ ఆ చీటీని మళ్ళీ చదివాడు.

"ఇదేంటో మీకు నేను చెప్పాలా?"

అక్కర్లేదు. కాచిన రోజున, ఈస్ట్ కలపకముందే, ఆ తీపి రసంలో కొంత విడిగా తీసి దాస్తారు. సీసాలు నింపే రోజున దాన్నే కలుపుతారు. ఈస్ట్ ఆ తిండి తిని గ్యాసు పుట్టిస్తుంది. బుర్గీ టీచర్ అరవై ఒక్కసార్లు అలాగే చేసింది.

రెండేళ్ళ కిందట హాస్లింగర్ భార్య అగాథే పోయిన నెలలో, బుర్గీ టీచర్ బీరు కాచే మాల్టు సంచీ ఒకటి చంకన పెట్టుకుని అతని గుమ్మంలోకి వచ్చింది. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "చేతులు ఊరికే ఉంచకు కోర్బీ" అని బడి నాటి పేరుతో పిలిచి స్టవ్ వెలిగించింది. ఆ రోజే అంది: "పంచదార వేస్తే అది గోధుమ బీరు కాదురా, సోడా బుడ్డి. దాని తిండి దానికే పెట్టాలి."

ఇందాక రూపర్ట్ నోట పంచదార అన్న మాట విన్నాడు. విని కూడా వినలేదు. తనకు కావలసినది దొరికాక చెవులు మూసుకుపోయాయి.

"సీసాలు బుధవారమే నింపారని ఒప్పుకుంటాను. మీ లెక్క బాగుంది" అంది ఫోగ్ట్. ఆమె గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండుననిపించింది అతనికి. "కానీ నింపింది ఆవిడ కాదు. ఆవిడైతే ఈ జాడీ ఖాళీగా ఉండేది. బీరు పాడైపోతుందని ఆ మేనల్లుడే నింపి ఉంటాడు, మనల్ని చూసి భయపడి అబద్ధమాడి ఉంటాడు. బుధవారం ఆవిడ బతికుందని చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర ఏముంది?"

ఏమీ లేదు.

ఆ తర్వాత అరగంటా వాదనలోనే పోయింది. అతను రైల్వే స్టేషన్‌లో ఆమెను చూసినవాళ్ళు లేరన్నాడు. ఫోగ్ట్, ఆదివారం స్టేషన్ నిండా ఫుట్‌బాల్ జనమంది. ఉన్ని గుడ్డను ఎవరైనా నది ఒడ్డున పడేయొచ్చన్నాడు. ఎవరైనా నదిలో దూకనూవచ్చంది. ఇంకొక్క రోజు కొండ మీద వెతకనివ్వమని అడిగాడు. అడగడం కాదు, బతిమాలాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో అతను ఎవరినీ అలా అడిగి ఎరగడు.

"ఐదింటికి నదికి వెళ్తున్నాం" అంది ఫోగ్ట్. "ఆవిడ మీ టీచరని తెలుసు. నన్ను క్షమించండి."

అప్పటికి నాలుగూ ఇరవై. జాడీని తీసిన చోటే పెట్టాలన్న ఆలోచన తప్ప హాస్లింగర్ మనసులో ఇంకేమీ మిగల్లేదు. ఫ్రిజ్ తెరిచాడు. జాడీ పెట్టాడు. తలుపు వెయ్యబోయి ఆగిపోయాడు.

ఫ్రిజ్ కుయ్‌మంటూ మొత్తుకుంటున్నా తలుపు వదల్లేదు.

"మేడమ్. ఒకసారి ఇలా రండి. ఇన్సులిన్ పెన్నులు లెక్కపెట్టండి."

"ఎందుకు?"

"లెక్కపెట్టండి."

"రెండు."

"నిన్న సాయంత్రం సోదా కాగితం మీ ఫైల్లోనే ఉంది. చదవండి."

ఆమె ఫైలు తిప్పింది. వేలు ఒక వరుస దగ్గర ఆగింది. "మూడు" అంది. "మీ వాళ్ళెవరైనా సాక్ష్యానికని తీశారా?"

"తీస్తే కాగితం ఉంటుంది. పొద్దున్నించీ ఈ వంటింట్లో కూర్చున్నది ఒక్కడే."

ఫోగ్ట్ తలుపు తనే మూసింది. కుయ్‌మనడం ఆగింది.

"శవానికి ఇన్సులిన్ ఎవరూ పట్టుకెళ్ళరు మేడమ్" అన్నాడు హాస్లింగర్. "సంతకం పెట్టేదాకా ఆమె బతికి ఉండాలి. మొదట్లో ఇంట్లో వాడుతున్న పెన్నుతో నెట్టుకొచ్చి ఉంటాడు. అది అయిపోయింది. సంతకం పెట్టు, ఇన్సులిన్ ఇస్తాను అంటున్నాడు. ఆమె పెట్టడం లేదు."

"పెట్టాక?"

"పెట్టాక ఆమెతో వాడికి పనుండదు."

"అతని కారు నిన్న సాయంత్రం నుంచి గేటు ముందే ఉంది. ఆవిడని దూరం తీసుకెళ్ళలేదు" అంది ఫోగ్ట్. గొంతు మారింది. ఇప్పుడు ఆమె అతనితో వాదించడం లేదు, అతనితో కలిసి ఆలోచిస్తోంది. "ఒక్కటి చెప్పండి. ఇంట్లో అత్తయ్యని దాచినవాడు, రేపో మాపో పోలీసులొస్తారని తెలిసినవాడు, బుధవారం పొద్దున్నే కూర్చుని నలభై సీసాల బీరు ఎందుకు నింపుతాడు? వాడికి బీరు కాచడం కూడా రాదు."

కిటికీలోంచి సూటిగా సీసాల మీద పడిన వెలుతురు హాస్లింగర్‌కు గుర్తొచ్చింది.

"మెట్ల కింద" అన్నాడు. "ఆమె సీసాలు మెట్ల కిందే పెట్టేది, చీకట్లో, పైన దుప్పటి కప్పి. వెలుతురు తగిలితే బీరు కంపు కొడుతుంది. ఆ స్టాండుని ఆ గోడ దగ్గరికి జరిపింది బీరు సంగతి తెలిసిన మనిషి కాదు." అప్పటికే మెట్ల వైపు నడుస్తున్నాడు. "ఊరికే స్టాండు పెడితే మనవాళ్ళు జరిపి చూసేవాళ్ళు. పేలే సీసాలు పేర్చాడు."

మాళిగలోకి దిగేసరికి నాలుగూ ఇరవై ఎనిమిది. బాయిలర్ మండుతూనే ఉంది. హాస్లింగర్ మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

ముల్లు సున్నా పాయింట్ ఎనిమిది మీద ఉంది.

కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ఎనిమిదే. ఈ గంటంబావులో అది ఒకటికి చేరాలి.

"వెనక్కి వస్తుందా ఎప్పుడైనా?" అంది ఫోగ్ట్ అతని భుజం మీదుగా వంగి.

"మూత తీస్తే వస్తుంది. తీయలేదు. లేదంటే చల్లబడాలి." పట్టీ చూశాడు. ఇరవై ఒకటి కాదు, పదహారు. సీసా వెనక్కి చెయ్యి పెట్టాడు. గోడకూ స్టాండుకూ మధ్య వేళ్ళ మీద సన్నగా, ఆగకుండా చల్లగాలి తగిలింది. అందులో తడి రాతి వాసన.

"కొండ గుహలు" అన్నాడు. ఈ కొండ కడుపు నిండా పాతకాలం బీరు గుహలే. ఎండాకాలమైనా చలికాలమైనా లోపల తొమ్మిది డిగ్రీలు. "ఈ ఇంటి వైపు దారి యుద్ధం అయ్యాక మూసేశారని పటంలో ఉంది."

"మూసిన దారిలోంచి గాలి రాదుగా."

"మూడింటప్పుడు రాలేదు. రెండు వైపులా తెరుచుకుంటేనే గాలి ఆడుతుంది. అవతల కొండ మీద ఉన్న తలుపు ఇప్పుడే ఎవరో తెరిచారు. గంటలోపే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫోగ్ట్ గేటు దగ్గర కానిస్టేబుల్‌కి ఫోన్ చేసింది. "రూపర్ట్ కార్లో ఉన్నాడా?... ఎప్పటినుంచి లేడు?... ఫోన్ మాట్లాడుతూ తోట వెనక్కి వెళ్తే చూస్తూ నిలబడ్డావా? మనుషుల్ని తీసుకుని కొండ ఎక్కు. గుహ తలుపులన్నీ చూడు. నది లేదు, గిది లేదు, అందరూ పైకి!" ఫోన్ జేబులో పెట్టి స్టాండు వైపు చూసింది. "ఇవి?"

"సున్నా పాయింట్ ఎనిమిదికి ఏ సీసా పేలదు మేడమ్. నిన్న సాయంత్రం ఇంకా తక్కువే ఉండేది. కదపొద్దన్నది సీసాల కోసం కాదు."

ఇద్దరూ చెరో అరా ఖాళీ చేశారు. సీసాలు నేల మీద దొర్లాయి. అడుగున పేరుకున్న ఈస్ట్ లేచి బీరంతా మబ్బు పట్టింది. స్టాండు పక్కకు లాగితే సున్నం పూసిన నాలుగు చెక్క పలకలు, వాటికి కొత్త మేకులు బయటపడ్డాయి. ఫోగ్ట్ కాగితపు రుమాలు ఒకటి పలకల సందు దగ్గర పట్టుకుంది. అది గాలికి రెపరెపలాడింది.

"ఇనుప కడ్డీ ఏదైనా చూడండి" అంది.

హాస్లింగర్ వినలేదు. పలకకు మొహం ఆనించి, ఎంత గొంతుంటే అంత గొంతుతో అరిచాడు.

"బుర్గీ టీచర్!"

అరుపు గుహలోకి పోయి, ఎక్కడో తగిలి, చిన్నదై తిరిగొచ్చింది. తర్వాత ఏమీ లేదు. అతను పలకకు చెవి ఆనించాడు.

టక్. టక్. టక్.

రాయి మీద ఏదో గట్టి వస్తువుతో కొట్టినట్టు. బలం లేని దెబ్బలు, కానీ సమానంగా, లెక్కగా పడ్డాయి. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై ఏళ్ళ కిందట ప్రతిరోజూ విన్న చప్పుడది. స్కేలుతో బల్ల మీద మూడు దెబ్బలు. ఆవిడ బతికే ఉంది.

ఫోగ్ట్ అతని చెయ్యి పట్టుకుంది. "ఆవిడేనా? ఏమంటోంది?"

చెప్పబోయి హాస్లింగర్ నోరు మూసుకున్నాడు. ఆ మూడు దెబ్బలకు తరగతిలో ఒక్కటే అర్థం.

మాట్లాడకండి.

ఫోగ్ట్ చేతిలో కాగితపు రుమాలు కదలడం ఆగిపోయి, నిలువునా వేలాడింది. ఆ సందుకు లోపలి వైపు నుంచి ఎవరో అడ్డం వచ్చారు.

పలకలకు అవతల, అతని మొహానికి జానెడు దూరంలో, ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కదపొద్దని చెప్పానా లేదా, ఇన్‌స్పెక్టర్ గారూ?" అన్నాడు రూపర్ట్ మర్యాదగా.

ఆ వెంటనే అతని బూటు కింద, రాతి నేల మీద, పెన్నంత ప్లాస్టిక్కు వస్తువేదో పటుక్కున విరిగింది.